మూడు రోజుల ఏసీఎల్‌ఎస్ కోర్సు: మన క్యాజువాలిటీకి ఎంతవరకు పనికొస్తుంది?

హనుమకొండలో ఒక శిక్షణ కేంద్రం డాక్టర్లకు పెట్టిన మూడు రోజుల బ్యాచ్ మీద ఈ రివ్యూ. మొదటి రోజు బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, ఛాతీ నొక్కి శ్వాస ఇచ్చే ప్రాథమిక పాఠం), తర్వాతి రెండు రోజులు ఏసీఎల్‌ఎస్ (అడ్వాన్స్‌డ్ కార్డియోవాస్కులర్ లైఫ్ సపోర్ట్, మందులు, షాక్‌లతో గుండెను కాపాడే పై పాఠం). సిలబస్, వీడియోలు, పరీక్ష, కార్డు అన్నీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌వి. చెప్పేవాళ్లు, సాధనకు వాడే మనిషి బొమ్మలు, మిషన్లు, గది మాత్రం కేంద్రం సొంతం. కోర్సు మంచిచెడ్డలు చాలావరకు ఈ రెండో భాగం మీదే ఆధారపడతాయి. కేంద్రం పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోటుపాట్లు ఏ ఊళ్లో ఏ కేంద్రానికైనా ఉండగలవి కాబట్టి, చేరేముందు ఎవరికి వాళ్లు అడిగి తెలుసుకోవడమే మేలు.

ఎవరికోసం రాస్తున్నామో కూడా చెప్పాలి. హంటర్ రోడ్డు, నక్కలగుట్ట నర్సింగ్ హోముల్లో నైట్ డ్యూటీ చేసే ఎంబీబీఎస్ డాక్టర్లు, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఏటూరునాగారం వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే మెడికల్ ఆఫీసర్లు, సొంత ఆసుపత్రిలో ఐసీయూ నడిపే జనరల్ ఫిజీషియన్లు. కేసు కాస్త బరువైతే వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకి రాసి పంపడం అందరికీ అలవాటే. ఎంజీఎం గేటు చేరేలోపు పేషెంటును నిలబెట్టాల్సింది మాత్రం వీళ్లే.

తీర్పు ముందే చెప్తాం: కోర్సు చేయండి. గుండె ఆగిన మనిషి దగ్గర మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో మూడు రోజుల్లో చేతికి ఎక్కించడంలో దీనికి తిరుగులేదు. అయితే కార్డు తీసుకొని అదే రాత్రి డ్యూటీకి పోతే తలుపు తోసుకొని వచ్చే మొదటి కేసు గుండెపోటే అని ఏమీ లేదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తాగిన పత్తి రైతు కావచ్చు, కట్లపాము కరిచిన కూలీ కావచ్చు. ఆ కేసులకు ఈ కోర్సు సగం దూరమే తీసుకెళ్తుంది. మిగతా సగం ఎక్కడ తెగుతుందో కింద వివరంగా రాశాం.

మొదటి రోజుతో మొదలుపెడదాం, ఎందుకంటే మూడు రోజుల్లోకీ గట్టి రోజు అదే. చాలామంది డాక్టర్లు బీఎల్‌ఎస్‌ను చిన్నచూపు చూస్తారు, నర్సులకో వాలంటీర్లకో అన్నట్టు. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటొద్దు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి, ఏ కారణానికి ఆపినా పది సెకన్లలోపు మళ్లీ మొదలుపెట్టాలి. ఈ నాలుగు ముక్కలు అందరికీ నోటికి వచ్చు. బొమ్మ మీద చేతులు పెట్టాక అసలు సంగతి బయటపడుతుంది. మొదటి ముప్పై సెకన్లు బాగానే ఉంటాయి. నిమిషం దాటేసరికి మోచేతులు వంగుతాయి, భుజాల బరువు బదులు చేతుల బలం వాడటం మొదలవుతుంది, వేగం 130 దాటుతుంది, లోతు 4 సెంటీమీటర్లకు పడిపోతుంది. నొక్కేవాళ్లకు మాత్రం బాగా చేస్తున్నామనే అనిపిస్తుంది. ప్రతి రెండు నిమిషాలకు మనిషి మారాలన్న నియమం అందుకే. అలసట తెలియడం కంటే ముందే నొక్కు పాడవుతుంది.

దీన్ని పట్టించేది బొమ్మకు అమర్చిన ఫీడ్‌బ్యాక్ పరికరం. వేగం, లోతు, ఛాతీ తిరిగి లేవడం ఎప్పటికప్పుడు చూపిస్తుంది. పెద్దల సీపీఆర్ (ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చి బతికించడం) నేర్పేచోట ఇలాంటి పరికరం వాడటాన్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 జనవరి 31 నుంచి తప్పనిసరి చేసింది. ఈ బ్యాచ్‌లో నాలుగు బొమ్మలకు రెండింటికే అది పనిచేసింది. పరికరం ఉన్న బొమ్మ మీద చేసినవాళ్లు మధ్యాహ్నానికల్లా దారిలో పడ్డారు. లేని బొమ్మ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ కంటితో చూసి చెప్పాల్సి వచ్చింది. అందులో ఎక్కువగా తప్పిపోయేది ఛాతీ మీద వాలిపోవడం. అరచేయి కొద్దిగా బరువు వదలకుండా అలాగే ఉంటుంది, పక్కనుంచి చూస్తే తెలియదు. అలా వాలితే గుండెలోకి రక్తం తిరిగి రాదు. గుండె కండరానికి రక్తం అందేది ఛాతీ పైకి లేచే ఆ అర క్షణంలోనే.

లెక్క గురించి ఒక చిన్న మాట. పుస్తకంలో ఉన్నట్టు ముప్పై నొక్కుల దాకా లెక్కపెట్టడం ఇంగ్లిష్‌లో సులువు. మన సిస్టర్లు, వార్డ్ బాయ్‌లు తెలుగులో లెక్కపెడతారు. పది దాటాక పన్నెండు, పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవై ఏడు అంటూ మాట పొడుగవుతుంది, దాంతోపాటు చెయ్యి నెమ్మదిస్తుంది. ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కపెట్టమంటే ఈ ఇబ్బంది పోతుంది. ఇది కోర్సు పుస్తకంలో లేదు. ఇన్‌స్ట్రక్టర్ తన అనుభవంతో చెప్పారు, మూడు రోజుల్లో విన్న చక్కటి సలహాల్లో ఇదొకటి.

కేంద్రంలో బొమ్మ నేల మీద ఉంటుంది. మన క్యాజువాలిటీలో పేషెంటు స్పాంజి పరుపు మీద ఉంటాడు. పరుపు మీద నొక్కితే లోతులో చాలా భాగం పరుపే మింగేస్తుంది. వీపు కింద గట్టి బోర్డు వేయాలి. బోర్డు లేనిచోట మంచం తల దగ్గర ఊడొచ్చే చెక్క పలకైనా పనికొస్తుంది. మంచం ఎత్తుగా ఉంటే కింద స్టూలు కావాలి. నొక్కేవాళ్ల మోకాలు మంచం అంచుకు తగిలే ఎత్తులో ఉంటే భుజాలు సరిగ్గా ఛాతీ మీదకు వస్తాయి. ఈ రెండూ ఒకసారైనా మంచం మీద చేయించి ఉంటే బాగుండేది. చేయించలేదు.

అంబు బ్యాగ్ (మాస్క్ పెట్టి చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే సంచి) దగ్గర ఇన్‌స్ట్రక్టర్లు బాగా సమయం పెట్టారు, అది మెచ్చుకోదగ్గది. పెద్దల బ్యాగ్‌లో లీటరున్నర దాకా గాలి పడుతుంది, మనకు కావాల్సింది అందులో మూడో వంతు. ఒక చేత్తో, ఒక సెకను పాటు, ఛాతీ కాస్త లేచేంత వరకే నొక్కాలి. రెండు చేతులతో పిండితే గాలి కడుపులోకి పోతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. శ్వాసనాళంలో ట్యూబ్ వేశాక ఆరు సెకన్లకు ఒక్క శ్వాస. ఆత్రంలో నిమిషానికి ముప్పై ఇచ్చేవాళ్లు ఉంటారు. ఛాతీలో ఒత్తిడి పెరిగి, నొక్కుతున్న నొక్కులన్నీ వృథా అవుతాయి. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద ఇంగ్లిష్ ‘C’ ఆకారంలో, మిగతా మూడు దవడ ఎముక కింద ‘E’ ఆకారంలో పెట్టే పట్టు అందరూ చూసే ఉంటారు. ఎక్కువమంది చేసే తప్పు మాస్క్‌ను ముఖం మీదకు అదమడం. మాస్క్‌ను కిందికి అదమొద్దు, దవడను మాస్క్‌లోకి ఎత్తాలి. గడ్డం ఉన్నా, పళ్లు లేకపోయినా ఒక్కరే పట్టుకోవడం కష్టం. ఒకరు రెండు చేతులతో మాస్క్ పడితే, ఇంకొకరు బ్యాగ్ నొక్కాలి.

రెండో రోజు నుంచి ఏసీఎల్‌ఎస్. నాడి నెమ్మదించినప్పుడు, నాడి పరుగెత్తినప్పుడు, గుండె ఆగినప్పుడు, తిరిగి కొట్టుకోవడం మొదలయ్యాక, ఇలా స్టేషన్లుగా విడగొట్టారు. ఈసీజీ లయలు ముందే చదువుకొని రావాలి. కోర్సు వెబ్‌సైట్‌లో ముందస్తు స్వీయపరీక్ష ఉంటుంది, 70 శాతం రావాలి. దాన్ని ఎవరో ఒకరి చేత చేయించుకొని వచ్చినవాళ్లు స్టేషన్ల దగ్గర మొబిట్జ్ (గుండె కరెంటుకు వచ్చే అడ్డంకి) ఒకటో రకమా రెండో రకమా అని తడుముకుంటూ ఉండిపోయారు. రెండు రోజుల్లో ఈసీజీ మొదటినుంచీ నేర్పరు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

ఏసీఎల్‌ఎస్ బలం ఏ దశలో ఏం చేయాలో చెప్పే అల్గారిథం చార్టుల్లో కంటే జట్టు పనిలో ఉంది. ఆరుగురు, ఆరు పనులు: నొక్కేవాళ్లు, శ్వాస ఇచ్చేవాళ్లు, మానిటర్, డీఫిబ్ (గుండెకు షాక్ ఇచ్చే మిషన్) దగ్గర ఒకరు, మందులకు ఒకరు, టైమ్ రాసేవాళ్లు ఒకరు, లీడర్. లీడర్ మంచం కాళ్ల వైపు నిలబడాలి, చేతులు కట్టుకొని. మన క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరే ట్యూబ్ వేస్తాడు, డాక్టరే నొక్కుతాడు, డాక్టరే మందు అడుగుతాడు. అందుకే చివరి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారో ఎవరికీ గుర్తుండదు. “ఎవరన్నా అడ్రినలిన్ ఇయ్యుండ్రి” అని గదిలోకి వదిలేస్తే ఇద్దరు ఇస్తారు, లేదా ఎవరూ ఇవ్వరు. పేరుపెట్టి, మోతాదు చెప్పి, దారి చెప్పి అడగాలి. “సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఐవీ, వెనకాలే 20 ఎంఎల్ సెలైన్.” అటునుంచి “ఇచ్చిన సార్, రెండు పన్నెండుకు” అన్న జవాబు వచ్చేదాకా ఆ ఆర్డరు పూర్తికానట్టే. మెగాకోడ్ (గుండె ఆగిన కేసును జట్టుగా మొదటినుంచీ చివరిదాకా చేసి చూపే అభ్యాసం) మొత్తం ఇంగ్లిష్‌లో నడిచింది. డాక్టర్లకు ఇబ్బంది లేదు. కానీ రేపు డ్యూటీలో జట్టులో ఉండేది తెలుగులో మాట్లాడే సిస్టర్లు. కనీసం ఒక రౌండ్ తెలుగులో చేయిస్తే ఎక్కడ మాట తడబడుతుందో అక్కడే తెలిసేది.

వీఎఫ్‌లో (గుండె కొట్టుకోకుండా వణికిపోయే లయ) షాక్ ఇచ్చాక నాడి చూడటానికి ఆగొద్దు, వెంటనే నొక్కడం మొదలుపెట్టి రెండు నిమిషాల తర్వాతే లయ చూడాలి. షాక్ తర్వాత ఆగే ఈ ఒక్క అలవాటు పోగొట్టడానికే ఇన్‌స్ట్రక్టర్లు ఎంతో శ్రమపడ్డారు. షాక్ పడగానే అందరి కళ్లూ మానిటర్ మీదకు పోతాయి, చేతులు ఆగుతాయి. మిషన్ చార్జ్ అవుతున్నంతసేపూ నొక్కుతూనే ఉండాలన్నది కూడా అంతే. చార్జ్ అయ్యాకే పక్కకు జరగాలి.

ఇక మందుల దగ్గర ఈ కోర్సు మన నేల మీద కాలు మోపదు. వీడియోలో అడ్రినలిన్ ముందే నింపిన 10 ఎంఎల్ సిరంజిలో వస్తుంది. మన ట్రాలీలో ఉండేది ఒక ఎంఎల్‌లో ఒక మిల్లీగ్రాము ఆంప్యూల్. విరిచి, లాగి, ఇచ్చి, 20 ఎంఎల్ సెలైన్ తోసి, పేషెంటు చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. లయ సరిచేసే అమియోడరోన్ మొదటి మోతాదు 300 మిల్లీగ్రాములు అంటారు. మన ఆంప్యూల్ 150, కాబట్టి రెండు విరవాలి. నాడిని పెంచే అట్రోపిన్ ఒక మిల్లీగ్రాము అంటారు. మన ఆంప్యూల్‌లో 0.6 మాత్రమే ఉంటుంది. రెండు ఆంప్యూల్స్ కలిపి లాగి 1.7 ఎంఎల్ ఇస్తే ఒక మిల్లీగ్రాము. పొటాషియం పెరిగిన డయాలసిస్ పేషెంటుకు ఇన్సులిన్‌తోపాటు 50 శాతం గ్లూకోజ్ 50 ఎంఎల్ అని పుస్తకం. మన దగ్గర 25 శాతం సీసానే ఉంటే 100 ఎంఎల్ ఎక్కించాలి. ఇవన్నీ చిన్న లెక్కలే. రాత్రి రెండింటికి, చుట్టూ బంధువులు అరుస్తుంటే అవే పెద్దవవుతాయి. మందుల స్టేషన్‌లో ఖాళీ సిరంజి పట్టుకొని “అడ్రినలిన్ ఇచ్చాను” అని నోటితో చెప్తే చాలన్నారు. నిజం ఆంప్యూల్స్, ట్రే, కత్తెర, దూది పెట్టి సమయం చూస్తూ చేయించాల్సింది. విరవడానికి, లాగడానికి పట్టే ఇరవై ముప్పై సెకన్లు ముందే లెక్కలో వేసుకునేవాడే మంచి లీడర్ అవుతాడు.

డీఫిబ్ సంగతీ అంతే. కోర్సులో అతికించే ప్యాడ్లు. చిన్న ఆసుపత్రుల్లో ఎక్కువగా చేత్తో పట్టే ప్యాడిల్స్, ఒక జెల్లీ ట్యూబ్. జెల్లీ రెండు ప్యాడిల్స్‌కూ బాగా పట్టించాలి, కానీ ఛాతీ మీద ఒకదాన్నుంచి ఇంకోదాని దాకా పాకకూడదు, పాకితే కరెంటు చర్మం మీదుగానే పోతుంది. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక వైపు, గట్టిగా అదిమిపెట్టి, ఆక్సిజన్ పక్కకు తీసి షాక్ ఇవ్వాలి. కరెంటును రెండు దిశల్లో పంపే బైఫేసిక్ మిషన్ అయితే కంపెనీ చెప్పినంత, 120 నుంచి 200 జౌల్స్ మధ్య. ఎంతో తెలియకపోతే మిషన్ ఇవ్వగలిగినంత ఎక్కువ. ఇంకా ఎక్కడైనా ఒకే దిశలో పంపే పాత మోనోఫేసిక్ మిషన్ ఉంటే 360. నాడి ఉండి పరుగెత్తే టాకీకార్డియాకు, షాక్‌ను గుండె కొట్టుకునే క్షణంతో జతచేసే సింక్ బటన్ నొక్కి ఇస్తాం. చాలా మిషన్లలో ఒక షాక్ తర్వాత సింక్ దానంతటదే పోతుంది. రెండో షాక్‌కు మళ్లీ నొక్కాలి, మర్చిపోతే ఉన్న లయ కాస్తా వీఎఫ్ కావచ్చు. ఇది కోర్సులో చెప్పారు, చేయించారు కూడా.

పరీక్ష కష్టమేమీ కాదు. బీఎల్‌ఎస్ రాతపరీక్షలో 25 ప్రశ్నలు, ఏసీఎల్‌ఎస్‌లో 50, పాస్ కావాలంటే 84 శాతం. అంటే 25కి 21, 50కి 42. దానికి తోడు చేతి పరీక్షలు, చివర లీడర్‌గా మెగాకోడ్. ఈకార్డు రెండేళ్లు చెల్లుతుంది.

ఇప్పుడు లేని సంగతులు. గుండె ఆగడానికి తిప్పికొట్టగల కారణాలను కోర్సు ఇంగ్లిష్‌లో వాటి మొదటి అక్షరాలతో హెచ్‌లు, టీలు అని గుర్తుపెట్టిస్తుంది. అందులో ఒక టీ టాక్సిన్స్, అంటే విషాలు. తెర మీద అది ఒక్క పదం, అర నిమిషంలో దాటిపోతుంది. పత్తి, మిర్చి పండే మన జిల్లాల్లో అది ఒక్క పదం కాదు, వార్డుల కొద్దీ పేషెంట్లు.

అట్రోపిన్‌నే తీసుకోండి. నాడి నెమ్మదించిన పేషెంటుకు ఏసీఎల్‌ఎస్ చెప్పేది ఒక మిల్లీగ్రాము చొప్పున, మొత్తం 3 మిల్లీగ్రాములు మించకుండా. కోర్సు అయిన మర్నాడు ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగిన పేషెంటు వస్తాడు. నోట్లో నురగ, కంటిపాపలు సూదిమొనలు, ఛాతీ అంతా గురగుర, నాడి 46. కొత్తగా చార్టు బట్టీపట్టిన డాక్టరు 3 మిల్లీగ్రాముల దగ్గర చెయ్యి ఆపేస్తే ఆ మనిషి తన స్రావాల్లోనే మునిగి చనిపోతాడు. ఇక్కడ అట్రోపిన్‌కు పైపరిమితి లేదు. మొదట 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే మన 0.6 ఆంప్యూల్స్ మూడు నుంచి అయిదు. అయిదు నిమిషాలకు చూడాలి, చాలకపోతే రెట్టింపు, మళ్లీ అయిదు నిమిషాలకు ఇంకో రెట్టింపు. మూడుతో మొదలుపెట్టినా ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అని పోతే పదిహేనో నిమిషానికి మొత్తం 45 ఆంప్యూల్స్, 27 మిల్లీగ్రాములు. ఒక సిస్టర్ విరుస్తూ ఉంటే ఇంకొకరు లాగుతూ ఉండాలి. ట్రాలీలో పది ఆంప్యూల్స్ పెట్టుకున్న ఆసుపత్రి అయిదో నిమిషం తర్వాతి మోతాదుకే చేతులెత్తేస్తుంది.

ఎప్పుడు ఆపాలో తెలియడం ఇంకా ముఖ్యం. ఛాతీ శుభ్రపడాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు ఆరిపోవాలి, కంటిపాపలు సూదిమొనల్లా ఉండొద్దు. వీటిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఛాతీ. కంటిపాపలు ఆలస్యంగా మారతాయి, వాటికోసం ఎదురుచూస్తూ మందు పెంచొద్దు. నాడి వేగంగా ఉందని అట్రోపిన్ మానేయడం ఇంకో తప్పు. ఊపిరాడకే నాడి పరుగెత్తుతూ ఉండొచ్చు. గురగుర ఒక్క కుడి కింది భాగంలోనే మిగిలితే అది వాంతి లోపలికి పోయిన గుర్తు కావచ్చు, దాన్ని అట్రోపిన్‌తో తరమొద్దు. లక్ష్యాలు చేరాక, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో గంటకు 10 నుంచి 20 శాతం ఇన్ఫ్యూజన్‌గా పెట్టాలి. 27 మిల్లీగ్రాములు పట్టిన పేషెంటుకు గంటకు సుమారు 2.7 నుంచి 5.4. జ్వరం వచ్చి, మాట తడబడి, మంచం మీద దేన్నో ఏరుతున్నట్టు చేతులు ఆడిస్తూ, పొట్టలో చప్పుడు లేకపోతే మందు ఎక్కువైనట్టు. కాసేపు ఆపి, తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. ట్యూబ్ వేయాల్సి వస్తే కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ జోలికి పోవద్దు. దాన్ని విరిచే ఎంజైమ్‌నే ఈ విషం చంపేస్తుంది కాబట్టి కండరాలు గంటల తరబడి పడిపోతాయి. రోక్యురోనియం వాడాలి. బట్టలు విప్పి, ఒళ్లంతా సబ్బుతో కడగడం మొదటి పది నిమిషాల్లోనే జరగాలి, చేసేవాళ్లు గ్లౌజులు వేసుకొని.

గడ్డిమందు పారాక్వాట్ అయితే కోర్సు నేర్పిన రిఫ్లెక్స్ ఎదురుతిరుగుతుంది. పేషెంటు రాగానే ఆక్సిజన్ మాస్క్ పెట్టడం మన చేతులకు అలవాటు. పారాక్వాట్‌లో అదే ఊపిరితిత్తులను మరింత కాలుస్తుంది. శాచురేషన్ బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టకూడదు. డబ్బా తెమ్మని బంధువులను అడగడం అందుకే మొదటి పని. “పురుగుల మందు” అనే మాట కింద వేర్వేరు విషాలు, వేర్వేరు వైద్యాలు ఉంటాయి.

పాముకాటు గురించి కోర్సులో ఒక్క ముక్క లేదు. ఏసీఎల్‌ఎస్‌లో ఉంటుందని ఆశించడం కూడా సరికాదు, అయినా మన డాక్టరుకు అది కావాలి. రెండు చోట్ల మాత్రం కోర్సు పాఠం పాముకాటు గదిలో నేరుగా అక్కరకొస్తుంది. ఒకటి కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు సరిగ్గా కనపడదు, తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, తర్వాత శ్వాస ఆగడం. కండరాలన్నీ పడిపోయి కంటిపాపలు పెద్దవై కదలకుండా ఉన్నా అది మెదడు చనిపోయిన గుర్తు కాదు. మొదటి రోజు నేర్చుకున్న అంబు బ్యాగ్ పట్టు ఇక్కడ మనిషిని బతికిస్తుంది, ఎంజీఎం దాకా ఆపకుండా నొక్కుతూ పోతే. రెండోది యాంటీవీనమ్‌కు రియాక్షన్. ఇక్కడ ఏసీఎల్‌ఎస్ చేసినవాళ్లే ఎక్కువ పొరబడే ప్రమాదం ఉంది. నాడి ఉన్న మనిషికి అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి కండరంలో. అలవాటుగా ఒక మిల్లీగ్రాము ఐవీ తోస్తే ఉన్న గుండె లయ కూడా చెడిపోతుంది. అర ఎంఎల్ అడ్రినలిన్ లాగి పెట్టుకున్నాకే మొదటి పది వయల్స్ యాంటీవీనమ్ మొదలుపెట్టాలి. పిల్లలకూ యాంటీవీనమ్ పెద్దల మోతాదే, పాము చిన్నపిల్లలని తక్కువ విషం ఎక్కించదు కదా.

రక్తపింజర కాటుకు 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష డ్యూటీ డాక్టరే చేయాలి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబ్‌లో 2 ఎంఎల్ రక్తం, 20 నిమిషాలు కదపకుండా ఉంచి ఒక్కసారి వంచి చూడటం. ప్లాస్టిక్ ట్యూబ్ వాడినా, సబ్బుపొడితో కడిగిన ట్యూబ్ వాడినా రక్తం గడ్డకట్టక తప్పుడు ఫలితం వస్తుంది. మధ్యలో అయిదారుసార్లు ఊపి చూసేవాళ్లు ఉంటారు, అదీ పాడుచేస్తుంది.

గుండెపోటు పాఠం బాగుంది కానీ దూరాల లెక్క మనది కాదు. వీడియోలో అంబులెన్సు నేరుగా యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్ ల్యాబ్‌కు పోతుంది. ఏటూరునాగారం నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల పైమాటే. 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ అందదనుకుంటే, ఇవ్వకూడని కారణమేదీ లేని పేషెంటుకు మొదటి ఆసుపత్రిలోనే రక్తం గడ్డ కరిగించే మందు ఇవ్వాలి, వచ్చిన 30 నిమిషాల్లోపు. ఇది పుస్తకంలో ఉంది, క్లాసులో మాత్రం పక్కకు తోసేశారు. మనకు ముఖ్యం ఇదే పేజీ. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టినవాళ్లకు వీఎఫ్ ఉండొచ్చు, మిషన్ ఎంత తొందరగా పెడితే అంత మంచిది. చెరువులో, బావిలో మునిగినవాళ్లకు మాత్రం శ్వాసతో మొదలుపెట్టాలి, అక్కడ లోటు గాలిది.

యాక్సిడెంట్ కేసులకు ఇది సరిపోయే కోర్సు కాదు. 163వ నంబరు జాతీయ రహదారి పక్కన క్యాజువాలిటీ నడిపేవాళ్లు ఏటీఎల్‌ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్, గాయాల కేసుల కోర్సు) వేరుగా చేయాలి. అది పుట్టింది కూడా పల్లె ఆసుపత్రి లోటు నుంచే. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న విమానం కూలి, భార్య చనిపోయి, పిల్లలు గాయపడి, దగ్గరి ఆసుపత్రిలో దొరికిన వైద్యం చూసి ఆయన పట్టుబట్టడంతో 1978లో మొదటి కోర్సు జరిగింది.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు అడగాల్సినవి ఇవి. బీఎల్‌ఎస్ రోజున ఒక బొమ్మకు ఎంతమంది? ముగ్గురు మించితే వద్దు. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఆరుగురు మించొద్దు. ఫీడ్‌బ్యాక్ పరికరం ప్రతి బొమ్మకూ పనిచేస్తుందా? పుస్తకం ఏ ఏడాదిది? 2025 అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. గొంతులో ముద్ద అడ్డుపడిన పెద్దవాళ్లకు ముందు వీపు మీద అయిదు దెబ్బలు, తర్వాత పొట్ట మీద అయిదు నొక్కులు అని మారింది, పసిపిల్లలకు రెండు వేళ్లతో నొక్కే పద్ధతి తీసేశారు. పాత పుస్తకంతో చెప్తుంటే ఈ మార్పులైనా నోటితో చెప్పాలి. ఇన్‌స్ట్రక్టర్లలో ఒక్కరైనా ఇప్పటికీ క్యాజువాలిటీలో డ్యూటీ చేస్తున్నారా అన్నది మేం చివరగా కాదు, మొదటే అడుగుతాం. ఒక్క పూటలో రెండు కార్డులూ ఇస్తామనేవాళ్ల దగ్గరికి పోవద్దు. చేతి పరీక్ష లేకుండా వచ్చిన కార్డు ఆసుపత్రి ఫైలుకే పనికొస్తుంది.

కాగితం విలువ గురించి స్పష్టంగా ఉండాలి. ఏసీఎల్‌ఎస్ కార్డు మూడు రోజుల శిక్షణ అయిందనడానికి ఆధారం, డిగ్రీ కాదు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఎంసీఐ) 2009లో ప్రత్యేక విభాగంగా గుర్తించింది, దానికి మూడేళ్ల ఎండీ ఉంది. ప్రైవేటులో ఏడాది సర్టిఫికెట్ కోర్సులు, ఫెలోషిప్పులు చాలా కనపడుతున్నాయి. వాటిలో నేర్చుకునేది ఉండొచ్చు. బోర్డు మీద స్పెషలిస్ట్ అని రాసుకోవడానికి అవి చాలవు. చేరేముందు గుర్తింపు సంగతి ఎంసీఐ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్‌లోనే కనుక్కోండి, బ్రోచర్‌ను నమ్మొద్దు.

కార్డు వచ్చిన వారంలోనే మీ క్యాజువాలిటీలో ఒక పూట పెట్టుకోండి, నైట్ సిస్టర్లు, వార్డ్ బాయ్ అన్న, సెక్యూరిటీ అందరినీ కలుపుకొని. ట్రాలీ మూత లోపల ఆంప్యూల్ లెక్కలు తెలుగులో రాసి అంటించండి: అమియోడరోన్ రెండు, అట్రోపిన్ 1.7 ఎంఎల్, రియాక్షన్‌కు అడ్రినలిన్ అర ఎంఎల్ తొడకు. బోర్డు, స్టూలు మంచం పక్కనే ఉన్నాయో చూడండి. డీఫిబ్ ఆన్ చేసి చార్జ్ చేసి చూడండి, జెల్లీ ట్యూబ్ ఎండిపోయిందేమో నొక్కి చూడండి. అట్రోపిన్ ఆంప్యూల్స్ యాభైకి తక్కువ ఉండొద్దు. మిగతావి స్టోర్‌లో ఉంటే, రాత్రి రెండింటికి ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అదే కాగితం మీద రాయండి.